బొమ్మల కోడ్ మొదలుపెడుతున్న మేనకోడలికి

చి. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

పాత తెలుగు పత్రికల స్కాన్లు శుభ్రం చేసి, వాటిలోంచి టెక్స్ట్ తీసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. "ఓపెన్‌సీవీ నేర్చుకోనా, పిల్లో నేర్చుకోనా" అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. రెండూ పైథాన్‌లో బొమ్మలతో పని చేయడానికి వాడే లైబ్రరీలే, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూటలు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ఏ లైబ్రరీ అన్న ప్రశ్న తర్వాత చూద్దాం. మామూలు కోడ్‌లో తప్పు చేస్తే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగి గోల పెడుతుంది. బొమ్మల కోడ్‌లో తప్పు చాప కింద నీరులా పోతుంది. ప్రోగ్రామ్ నడుస్తుంది, ఫైల్ సేవ్ అవుతుంది, అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. తెరిచి చూస్తే తప్ప బొమ్మ చెడిందని తెలియదు. కాబట్టి ఏ లైబ్రరీ పట్టుకున్నా అది ఎక్కడెక్కడ నోరు మూసుకుని తప్పు చేస్తుందో ముందు తెలుసుకో. ఫంక్షన్ల పేర్లు గుర్తు లేకపోతే డాక్యుమెంటేషన్ ఎలాగూ ఉంది.

ఓపెన్‌సీవీ 1999లో ఇంటెల్‌లో మొదలైంది. వంకరగా స్కాన్ అయిన పేజీని నిలబెట్టడానికి, మరకలు తీయడానికి, నలుపు తెలుపు చేయడానికి నీకు అదే కావాలి. కానీ బొమ్మ ఫైల్ చదివే ఇమ్‌రీడ్ ఫంక్షన్‌కి ఫైల్ పేరు తప్పిచ్చి చూడు. ప్రోగ్రామ్ ఆగదు. మహా అయితే ఓ వార్నింగ్ లైను వేసి, బొమ్మ బదులు 'నన్', అంటే ఏమీ లేదనే ఖాళీ విలువ, చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడో రంగులు మార్చే లైన్లో "అసర్షన్ ఫెయిల్డ్" అని వస్తే నువ్వు ఆ లైన్లోనే తప్పు వెతుక్కుంటూ కూర్చుంటావు. చదివిన వెంటనే నన్ వచ్చిందా అని చూసే అలవాటు చేసుకో. రంగుల వరస కూడా అంతే. ఓపెన్‌సీవీ నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరసలో పెడుతుంది, మిగతా లోకమంతా ఎరుపుతో మొదలుపెడుతుంది. అక్కడ చదివిన బొమ్మని మార్చకుండా పిల్లోకి ఇస్తే ముఖచిత్రం మీద అమ్మవారి ముఖం నీలంగా వస్తుంది. అది కంటికి కనబడే తప్పు కాబట్టి నయమే.

కనబడనిది ఇంకోటుంది. పేజీ మసకగా ఉందని ప్రతి పిక్సెల్‌కీ 100 కలిపావనుకో. పైథాన్‌లో బొమ్మ అంకెల పట్టికలా, అంటే నమ్‌పై అనే లైబ్రరీ అర్రేలా, ఉంటుంది; అందులో ఒక్కో అంకెకి ఎనిమిది బిట్లే, 255 దాకానే పడుతుంది. 200 ఉన్న చోట 300 రావాలి, పట్టదు, చుట్టు తిరిగి 44 అవుతుంది. అంటే తెల్లగా ఉన్న కాగితం నల్లబడుతుంది, ఒక్క ఎర్రర్ కూడా రాదు. అదే పని ఓపెన్‌సీవీ వాళ్ల యాడ్ ఫంక్షన్‌తో చేస్తే 255 దగ్గర ఆగుతుంది. ఒకే కూడిక, రెండు జవాబులు. ఈ చిన్న ప్రయోగం ఈ రాత్రే చేసి చూడు, పది వీడియోలు చూసినా అంత బాగా ఎక్కదు.

పిల్లో విషయానికొస్తే, అది పీఐఎల్ అనే పాత లైబ్రరీ కోడ్ తీసుకుని 2010లో విడిగా మొదలైన ఫోర్క్. ఫైళ్లు తెరవడం, సైజు మార్చడం, ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి తిప్పడం, బొమ్మ మీద అక్షరాలు రాయడం దాని పనులు. ఫోన్‌తో తీసిన పేజీలు కూడా మీకు వస్తాయంటున్నావు కదా, వాటిలో ఎటు తిప్పి చూపించాలో చెప్పే సమాచారం ఎగ్జిఫ్‌లో, అంటే ఫోటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే వివరాల్లో, ఉంటుంది. పిల్లో దాన్ని తనంతట తాను పట్టించుకోదు. 'ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్' అని ఒక్క పిలుపు పిలవాలి, లేకపోతే పేజీ పడుకునే ఉంటుంది.

తెలుగు రాసే చోట మరీ జాగ్రత్త. పిల్లోతో బొమ్మ మీద నీ పేరే రాయించి చూడు. మామూలు లేఅవుట్ అయితే శ పక్కన పొల్లు విడిగా, దాని పక్కన ర విడిగా పడి, చదవలేని ముక్కలు వస్తాయి. కారణం ఫాంట్ కాదు. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ ఏది ఎక్కడ కూర్చోవాలో లెక్క వేసే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నీ ఆ పనికి దాన్నే వాడతాయి. పిల్లో దాన్ని రక్మ్ అనే ఇంకో లైబ్రరీ ద్వారా అందుకుంటుంది. రక్మ్ లేకపోతే ఎర్రర్ ఇవ్వదు, పాత పద్ధతిలో ముక్కలు పేర్చేస్తుంది. నీ ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చి సర్వర్‌లో విరిగిపోతే ముందు అక్కడ రక్మ్ ఉందా అని పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ని అడుగు. ఫాంట్ల మీద ఫాంట్లు మార్చుతూ కూర్చోకు. బొమ్మ మీద అక్షరాలు రాసే ఓపెన్‌సీవీ పుట్‌టెక్స్ట్‌తో అసలు ప్రయత్నించకు, తెలుగు ఇస్తే ప్రశ్నార్థకాలు రాసి పెడుతుంది.

ఇక నీ పనిలో గుండెకాయ, స్కాన్ శుభ్రం చేసి, బొమ్మలోని అక్షరాలు చదివి టెక్స్ట్‌గా ఇచ్చే టెసెరాక్ట్‌కి ఇవ్వడం. టెసెరాక్ట్ 1985 నుంచి హెచ్‌పీలో తయారైంది, 2005లో ఓపెన్ సోర్స్ అయింది, నాలుగో వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌తో చదువుతోంది. తెలుగుకి 'టీ ఈ ఎల్' అని భాష కోడ్ ఇవ్వాలి. 300 డీపీఐకి (అంగుళానికి అన్ని చుక్కలు) తగ్గిన స్కాన్ ఇచ్చి దాని మీద కోప్పడకు. బైండ్ చేసిన సంపుటాల్లో కుట్టు దగ్గర నీడ పడుతుంది. ఇంతకంటే నల్లగా ఉంటే సిరా, తెల్లగా ఉంటే కాగితం అని తేల్చే గీటునే థ్రెషోల్డ్ అంటారు. పేజీ మొత్తానికి ఒకే గీటు పెట్టే ఆట్సు పద్ధతి వాడితే ఆ నీడంతా నల్లటి పట్టీ అయి మొదటి మాటల్ని మింగేస్తుంది. చుట్టుపక్కల చూసి గీటు మార్చుకునే పద్ధతి కావాలి. ఓపెన్‌సీవీలో అడాప్టివ్ థ్రెషోల్డ్ ఉంది, సైకిట్-ఇమేజ్ అనే ఇంకో లైబ్రరీలో సావొలా ఉంది. పాత కాగితానికి నా ఓటు సావొలాకే.

అందరూ పడే గుంట ఇంకోటుంది, అతి శుభ్రం. చుక్కలూ మరకలూ పోవాలని ప్రతి పిక్సెల్‌కీ చుట్టుపక్కల వాటి మధ్య విలువ పెట్టే మీడియన్ ఫిల్టర్ గట్టిగా తిప్పుతారు. పేజీ తళతళలాడుతుంది, మేనేజర్ మెచ్చుకుంటాడు. దగ్గరికెళ్లి ధ కింద చూడు. ద కీ ధ కీ తేడా ఆ చిన్న గీత ఒక్కటే. ఫిల్టర్‌కి అది మరకలాగే కనిపిస్తుంది, తుడిచేస్తుంది. 'ధనం' కాస్తా 'దనం' అవుతుంది, ఢ డ అవుతుంది, ఫ ప అవుతుంది. పాత పత్రికల్లో అరసున్నలు కూడా ఉంటాయి, అవైతే మొదటి దెబ్బకే పోతాయి. అందుకే ఫిల్టర్ వేశాక ముందూ వెనకా బొమ్మల తేడా తీసి, పోయిన పిక్సెళ్లను మాత్రం ఎర్రగా చూపించే చిన్న స్క్రిప్ట్ రాసుకో. ఎర్ర చుక్కలు ఖాళీ చోట ఉంటే సరే. అక్షరాల కింద వరసగా ఉంటే ఫిల్టర్ సైజు తగ్గించు.

మధ్యలో సేవ్ చేసేవి పీఎన్‌జీలోనో టిఫ్‌లోనో పెట్టు. జేపెగ్ బొమ్మని 8×8 గళ్లుగా కోసి కుదిస్తుంది, అక్షరాల అంచుల చుట్టూ మురికి చేరుస్తుంది, తెరిచి మార్చి మళ్లీ సేవ్ చేసినప్పుడల్లా ఇంకాస్త చేరుస్తుంది. ఆ మురికిని నీ థ్రెషోల్డ్ సిరా అనుకుంటుంది.

ఫోల్డర్ నిండా ఉన్న ఫైళ్లని ఒక్క కమాండ్‌తో మార్చాలంటే ఇమేజ్‌మ్యాజిక్ ఉంది. దాంట్లో మోగ్రిఫై అనే కమాండ్ మాత్రం అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది. అవుట్‌పుట్‌కి వేరే ఫోల్డర్ చెప్పకుండా ఎప్పుడూ నడపకు, చేతులు కాలాక బ్యాకప్ వెతుక్కోవాల్సి వస్తుంది. పీడీఎఫ్ ఇస్తే "సెక్యూరిటీ పాలసీ ఒప్పుకోదు" అని మొరాయిస్తే, పాలసీ ఫైల్ తీసేయమనే సలహాలు దొరుకుతాయి. వినకు. 2016లో ఒక బొమ్మ ఫైల్ అప్‌లోడ్ చేసి సర్వర్‌లో తమ కమాండ్లు నడిపించగలిగే లోపం ఇమేజ్‌మ్యాజిక్‌లో బయటపడింది, ఆ కట్టుబాట్లకి కారణాలున్నాయి. పీడీఎఫ్‌లోని స్కాన్లు తీయడానికి పాప్లర్ అనే పీడీఎఫ్ లైబ్రరీతో వచ్చే పీడీఎఫ్‌ఇమేజెస్ వాడు. లోపలున్న బొమ్మని ఉన్నదున్నట్టు ఇస్తుంది.

సైటులో పెట్టే చిన్న బొమ్మలకి లిబ్‌విప్స్ అనే లైబ్రరీ చూడు. ఏ4 పేజీ 600 డీపీఐలో 4960×7016 పిక్సెళ్లు, రంగులతో మెమరీలో దాదాపు 104 ఎంబీ. అలాంటివి నాలుగు ఒకేసారి తెరిస్తే చిన్న సర్వర్ చేతులెత్తేస్తుంది. లిబ్‌విప్స్ పేజీని మొత్తం మెమరీలోకి లాగకుండా కొంచెం కొంచెంగా నడిపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో నోడ్ వాళ్లు వాడే షార్ప్ లైబ్రరీ లోపల ఉన్నదీ ఇదే. ఓపెన్‌సీవీతోనే చిన్నవి చేస్తానంటే, కొత్త పిక్సెళ్లు ఎలా లెక్కకట్టాలో చెప్పే ఇంటర్‌పొలేషన్‌కి 'ఏరియా' ఇవ్వు, ఏమీ ఇవ్వకపోతే సన్న గీతలు తెగిపోతాయి.

లైసెన్సుల సంగతి, అంటే ఏ లైబ్రరీని ఏ షరతుల మీద వాడుకోవచ్చో, మీ మేనేజర్‌కి ఇప్పుడే చెప్పు. ఓపెన్‌సీవీ 4.5 నుంచి అపాచీ 2, పిల్లోకీ పెద్ద షరతుల్లేవు, లిబ్‌విప్స్ ఎల్‌జీపీఎల్, పాప్లర్ జీపీఎల్, పీడీఎఫ్‌లు తెరవడానికి ఇమేజ్‌మ్యాజిక్ వాడే ఘోస్ట్‌స్క్రిప్ట్ ఏజీపీఎల్. మీ ఆఫీసులో నడుపుకుంటే ఒక లెక్క, ప్యాకేజీ చేసి అమ్మితే ఇంకో లెక్క.

ఇంతకీ నీ ప్రశ్నకి జవాబు: పిల్లోతో మొదలుపెట్టు, నమ్‌పై అర్రేని చేత్తో కదిపి చూడు, వారం తర్వాత ఓపెన్‌సీవీకి వెళ్లు. ఆదివారం లోపు నాకు నాలుగు పేజీలు పంపు. ఒకటి కుట్టు దగ్గర నల్లబడ్డది, ఒకటి అరసున్నలు ఎక్కువున్నది అయ్యుండాలి. శుభ్రం చేసినవి వద్దు, ఒరిజినల్ టిఫ్‌లే పంపు. వాట్సాప్‌లో ఫోటోగా మాత్రం పంపకు, అది మళ్లీ జేపెగ్ చేసి కుదించేస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య