ముస్లిం అమ్మాయి ఐబీలో చేరొచ్చా? వివక్ష ఎదురైతే దారేది?

కడప చెల్లెలు ఒకామె అడిగింది: "డిగ్రీ అయింది. ముస్లిం అమ్మాయిని ఇంటెలిజెన్స్ బ్యూరోలో తీసుకుంటారా? తీసుకున్నాక పక్కన పెడితే ఎవరికి చెప్పుకోవాలి?"

నిస్సంకోచంగా పరీక్ష రాయమ్మా. ఐబీలో ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. రెండు రాతపరీక్షలు, తర్వాత ఇంటర్వ్యూ. ప్రభుత్వ ఉద్యోగంలో మతాన్ని బట్టి తేడా చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణలోనే ఉంది.

అసలు బరువంతా నీ రెండో ప్రశ్నలో ఉంది. 1985 నాటి చట్టం ప్రకారం నిఘా సంస్థల ఉద్యోగులు యూనియన్‌లో చేరకూడదు, పత్రికలకెక్కకూడదు. దాంతో చాలామంది ఇక నోరు మూసుకోవాల్సిందే అనుకుంటారు. అది తప్పు. ముందు పై అధికారికి రాతపూర్వకంగా వినతి ఇవ్వు, నకలు దాచుకో. ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆ తర్వాత ఏడాదిలోపు క్యాట్‌కు, అంటే కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

లైంగిక వేధింపులైతే 2013 చట్టం కింద మూడు నెలల్లోపే ఫిర్యాదు చేయాలి. ఈ గడువు మాత్రం జారనివ్వకు తల్లీ. విదేశీ నిఘా సంస్థ 'రా'లో పనిచేసిన ఒక అధికారిణి ఫిర్యాదును సరిగా పట్టించుకోనందుకు ఆమెకు లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది.