పలాసకి పిక్కలు పంపే గినీ బిస్సావ్ ఎందుకు ఇంకా పేదగానే ఉంది?

ఏటా అన్ని జీడి పిక్కలు అమ్మే దేశం ఎందుకు బాగుపడలేదని అడిగారు. పలాసలో ఒక వ్యాపారి తరఫున పిక్కలు కొనడానికి సీజన్‌లో అక్కడ ఉండి వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

గినీ బిస్సావ్ పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం, జనాభా 20 లక్షల పైచిలుకు. ఎగుమతుల్లో దాదాపు 90 శాతం జీడి పిక్కలే, అదీ పప్పు తీయకుండానే ఇండియాకీ వియత్నాంకీ వెళ్లిపోతాయి. సరుకు మాత్రం మేలురకం. 80 కిలోల బస్తాకి 50 పౌండ్లకు (దాదాపు 23 కిలోలకు) పైనే పప్పు దిగుతుంది. బేరం మొదలయ్యేది ఆ లెక్క చూశాకే.

మార్చి చివర్లో మొదలైన పంట జూన్ వానలతో అయిపోతుంది. ఆ డబ్బుతోనే ఏడాదంతా గడవాలి. పల్లెల్లో చాలామంది పిక్కలిచ్చి బియ్యం తీసుకుంటారు. ధర బాగుంటే కిలోకి కిలో. ధర పడిన ఏడు కిలో బియ్యానికి రెండు కిలోల పిక్కలు పొయ్యాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ బియ్యం సంగతే. వాళ్లకి వరి కొత్త కాదు. అక్కడి బలాంతా తెగ రైతులు మడ అడవుల దగ్గర గట్లు కట్టి, ఉప్పునీటిని ఆపి వరి పండించడంలో ఆరితేరినవాళ్లు. ఆ గట్లని ఏటా బాగుచేసుకోవాలి, దానికి వయసు పిల్లల కష్టం కావాలి. జీడికి అంత చాకిరీ ఉండదు, చేతికి డబ్బొస్తుంది. అలా మనుషులూ భూమీ జీడి వైపు మళ్లారు. ఇప్పుడు తినే బియ్యంలో చాలా భాగం ఓడల్లో వస్తోంది.

ప్రభుత్వం ఏటా కనీస ధర ప్రకటిస్తుంది. 2018లో అధ్యక్షుడు జోసే మారియో వాజ్ కిలోకి 1000 సీఎఫ్‌ఏ ఫ్రాంకులన్నారు (అక్కడి కరెన్సీ అదే). ఆ రేటుకి కొనడానికి వ్యాపారులు ముందుకు రాలేదు, సరుకు రైతుల ఇళ్లలోనే ఉండిపోయింది.

అక్కడే పప్పు తీయొచ్చు కదా అంటారు. ఫ్యాక్టరీలు కొన్ని ఉన్నాయి. కానీ ఏడాదికి సరిపడా పిక్కలు ఆ మూడు నెలల్లోనే కొని పెట్టుకోవాలి, అంత పెట్టుబడి పుట్టడం కష్టం. కరెంటు మీద భరోసా లేదు. 2023 అక్టోబర్‌లో బాకీ కట్టలేదని, తీరంలో ఓడ మీద కరెంటు తయారుచేసే టర్కీ కంపెనీ సరఫరా ఆపేస్తే రాజధాని బిస్సావ్ అంతా చీకటైపోయింది. పైగా 2012లో, మళ్లీ 2025 నవంబర్‌లో సైన్యం అధికారం లాక్కుంది. అలాంటి చోట యంత్రాలు దింపాలంటే ఎవరికైనా టెన్షనే.

నన్నడిగితే ఫ్యాక్టరీ కంటే ముందు ఊరూరా పిక్కలు ఎండబెట్టుకునే కళ్లాలు, గోడౌన్లు కావాలి, అందులో పెట్టిన సరుకు మీద అప్పు పుట్టాలి. మన ఉద్దానం రైతులకీ ఈ బాధ తెలుసు. వాన తరుముకొస్తుంటే, ఇంట్లో బియ్యం అయిపోతుంటే, కొనేవాడు చెప్పిందే ధర. రెండు నెలలు ఆగగలిగే రైతుతో నాలాంటి కొనుగోలుదారు కూడా వేరేగా బేరమాడాల్సి వస్తుంది.