తాతలు చేసిన తప్పుకి మనం బాధ్యులమా?

ప్రశ్న: మా పూర్వీకులు కొందరు వేరేవాళ్ల భూములు లాక్కున్నారని, మనుషుల్ని వెట్టికి పెట్టుకున్నారని ఈమధ్యే తెలిసింది. అది నేను చేసింది కాదు కదా, నేనెందుకు తలదించుకోవాలి? అప్పట్లో అందరూ అలాగే ఉండేవాళ్లు, వాళ్లని ఇప్పటి నీతితో తప్పుపట్టడం న్యాయమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: తలదించుకోనక్కర్లేదమ్మా. ముత్తాత చేసిన నేరానికి మునిమనవరాలికి శిక్ష వెయ్యమని ఎవరన్నా నేను ఒప్పుకోను. కాకపోతే మీరు "నేను చేయలేదు" అన్న దగ్గరే ఆగిపోయారు, ఆ పని వల్ల నా చేతికి ఏమొచ్చింది అనేది కూడా అడగాలి. తాతగారి ఆస్తి కావాలి, ఆ ఆస్తి మీదున్న బాకీ మాత్రం నాకొద్దు అంటే కుదరదు కదా.

ఇక "అప్పట్లో అందరూ" అనే మాట. 1688లోనే అమెరికాలో జర్మన్‌టౌన్ అనే ఊళ్లో నలుగురు కూర్చుని బానిసత్వం తప్పు అని రాసి సంతకాలు పెట్టారు, అంటే అది తప్పని ఆ కాలంలోనే తెలిసినవాళ్లు ఉన్నారు. అయినా ఆ "అందరూ"లో బానిసలు లేరా, వాళ్లకి తెలీదా అది అన్యాయమని?

1838లో అమెరికాలోని మేరీలాండ్‌లో జెస్యూట్ ఫాదర్లు (కాథలిక్ క్రైస్తవుల్లో ఒక సంఘానికి చెందిన మతగురువులు) 272 మంది బానిసల్ని లూసియానా తోటల వాళ్లకి అమ్మేశారు, ఆ డబ్బులో కొంత అప్పుల్లో ఉన్న జార్జ్‌టౌన్ కాలేజీకి పోయింది, అమ్ముడుపోయినవాళ్లలో రెండు నెలల పసిబిడ్డ కూడా ఉంది. ఆ లిస్టులో మొదటి పేరు ఐజాక్. 2017లో ఆ కాలేజీ, అంటే ఇప్పటి జార్జ్‌టౌన్ యూనివర్సిటీ, క్షమాపణ చెప్పి ఒక బిల్డింగ్‌కి ఆయన పేరు పెట్టింది, ఆ 272 మంది వారసులకి అడ్మిషన్లలో ప్రాధాన్యం ఇస్తామని అంతకుముందే ప్రకటించింది. నన్ను బాగా కదిలించింది మాత్రం 2019లో స్టూడెంట్స్ చేసిన పని. వారసుల కోసం సెమిస్టర్‌కి 27.20 డాలర్లు మేమే కడతాం అని ఎక్కువమంది ఓటేశారు. అమ్మినవాళ్లకి వీళ్లేమైనా మనవళ్లా? ఆ డబ్బుతో నిలబడిన కాలేజీలో చదువుకుంటున్నారు, అంతే.

దీనికి రివర్స్‌లో జరిగింది కూడా ఉంది. బ్రిటన్ 1833లో బానిసత్వం రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చింది, అదీ యజమానులకి! బానిసలకి పైసా ఇవ్వకపోగా చాలామంది చేత 1838 దాకా అప్రెంటిస్ అనే పేరుతో జీతం లేకుండా పని చేయించుకున్నారు. యజమానులకి ఆ పరిహారం ఇవ్వడానికి తెచ్చిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. అంటే మొన్నమొన్నటిదాకా అక్కడ పన్ను కట్టినవాళ్లంతా ఆ అప్పు తీర్చినట్టే, వాళ్లలో ఆ బానిసల మునిమనవళ్లు కూడా ఉన్నారు. ఎప్పుడో జరిగిపోయింది వదిలెయ్యండి అనేవాళ్లకి నేను ఇదే చూపిస్తాను.

మీ విషయానికొస్తే, ముందు ఇంట్లో ఉన్న పాత కాగితాలు, దస్తావేజులు బయటికి తీయండి, ఎవరి నుంచి ఏం వచ్చిందో చూడండి, పరువు పోతుందని దయచేసి చింపెయ్యొద్దు, అవతలి కుటుంబం దగ్గర ఆ రుజువు కూడా ఉండకపోవచ్చు. వాళ్లు దొరికితే ఆ కాగితాలు వాళ్ల చేతికివ్వండి, వాళ్లేం అడుగుతారో వినండి. భూమి ఇంకా మీ దగ్గరే ఉంటే ఉత్త సారీతో సరిపెట్టొద్దు, ఆ లెక్క కూడా తేల్చాల్సిందే.