తమ్ముడి అనుమతి ఎందుకు?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా చేరి, పదోన్నతి మీద ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. నేను డీఎడ్ చదువుతుండగా నాన్న పోయారు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక తమ్ముణ్ణి ఇంజినీరింగ్ చదివించి, ఆ తర్వాతే పెళ్లి చేసుకున్నాను. దూరవిద్యలో ఎం.ఏ. పూర్తి చేశాను. ఇప్పుడు పీహెచ్‌డీ చేయాలని ఉంది. మావారు ‘నీ ఇష్టం’ అన్నారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఫోనులో చెబితే తమ్ముడు ‘ఈ వయసులో ఎందుకక్కా, అమ్మను ఎవరు చూస్తారు’ అన్నాడు. నిరభ్యంతర పత్రం కోసం రాసిన అర్జీని సంతకం పెట్టకుండానే బీరువాలో చీరల మడతల్లో పెట్టేశాను. పీహెచ్‌డీ చేయనా, ఎం.ఎడ్. చేయనా? వయసు మించిపోయిందా?

జవాబు: ముందు చదువు సంగతి తేల్చేద్దాం. వయసు మించిపోలేదు. పరిశోధకులకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఉపకారవేతనానికి వయోపరిమితి ఉంది గానీ పరిశోధనలో చేరడానికి విశ్వవిద్యాలయాల నిబంధనలు పెట్టే యూజీసీ అలాంటి గీత గీయలేదు. 2022 నిబంధనల ప్రకారం ఉద్యోగం చేసుకుంటూనే పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేయవచ్చు, పై అధికారుల నిరభ్యంతర పత్రం ఉండాలి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు. మీ ఎం.ఏ. మార్కులు 55 శాతానికి తగ్గలేదు కదా, అది చూసుకోండి. ఎం.ఎడ్. మాటంటారా, ఇక్కడ కుదించి వేసిన మీ ఉత్తరమంతా చదివాను, ఆ చదువు మీద ఆశ ఎక్కడా కనిపించలేదు. పీహెచ్‌డీ కాదంటే సర్దుకుపోవడానికి పెట్టుకున్న రెండో మాట అది. వదిలేయండి.

ఇక మీరు అడగని విషయం. మీ చదువుకు అడ్డు చెప్పింది ఒకే ఒక్కరు. ఆ ఒక్కరూ మీ ఇంట్లో ఉండే మనిషి కూడా కాదు. మీ చేతుల మీద పెరిగి, మీ జీతంతో చదువుకున్న తమ్ముడు. భర్త సరేనన్నాక, అమ్మ కాదనకపోయాక, ఫోనులో అతను అన్న ఒక్క మాటకు మీ కలం ఆగిపోయింది. ఇంత చేసిన అక్క ఇప్పుడు అతని అనుమతి కోసం ఎందుకు నిలబడింది?

తమ్ముడు చెడ్డవాడని అనను. ‘అమ్మను ఎవరు చూస్తారు’ అన్నదాంట్లో నాకు భయమే వినిపిస్తోంది. మీకు తీరిక లేకుండా పోతే ఆ బాధ్యత తన గుమ్మం తొక్కుతుందని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ అటు వెళ్లనివ్వకుండా కాపు కాసింది మీరే. అమ్మకు కంటి ఆపరేషన్ చేయించి, ఇంటికి తీసుకొచ్చాక గానీ తమ్ముడికి చెప్పలేదని రాశారు, ‘వాడికి సెలవు దొరకదు కదా’ అని. అక్కడ నాకు కోపం వచ్చింది. మీకు ఎలా దొరికింది సెలవు? బడిలో మీ పిల్లల పాఠాలు ఎవరు చెప్పారు ఆ రోజుల్లో?

తండ్రి పోయిన ఇంట్లో పెద్దకూతురు తండ్రి కావడం మనం ఎన్నో ఇళ్లలో చూసినదే. మీరు అది చక్కగా నెరవేర్చారు, అందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ కొడుకు ప్రయోజకుడయ్యాక ఏ తండ్రైనా కొంత బరువు అతని భుజాన పెడతాడు. మీరు పెట్టలేదు. అన్నీ నేనే చేశానన్న తృప్తి మీకు మిగిలింది, అక్క ఉందిలే అన్న అలవాటు అతనికి మిగిలింది. కని పెంచిన తల్లికి చేసే అవకాశం కూడా అతనికి లేకుండా చేశారు. ఇది మీకు కటువుగా అనిపించవచ్చు, అయినా చెప్పక తప్పదు.

అమ్మను ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. అల్లుడు భోంచేస్తే గానీ ఆమె కంచం ముందు కూర్చోదని రాశారు. ‘కొడుకు పిలిస్తే వెళ్తాను, పిలవని ఇంటికి ఎలా వెళ్లను’ అని ఒకసారి అన్నదని ఉత్తరం చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు చేర్చారు. ఆమెకు కొడుకు దగ్గర నాలుగు నెలలు ఉండాలని లేదని ఎలా అనుకున్నారు? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కొడుకునూ కూతురినీ ఒకే వరసలో నిలబెట్టింది. తమ్ముడి మీద చట్టం ప్రయోగించమని కాదు. మీరు అడగబోయేది దయ కాదని మీకు గుర్తుండాలని చెబుతున్నాను.

ఇక చేయాల్సిన పని. ఆ అర్జీ మీద రేపే సంతకం పెట్టి మీ ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చేయండి. తమ్ముడితో మాట్లాడాక పెడదామనుకుంటే మళ్లీ అనుమతి అడిగినట్టే. ఆ తర్వాత సెలవు చూసుకుని నేరుగా అతని ఇంటికి వెళ్లండి. మరదలిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి, రోజూ అమ్మతో మెలగాల్సింది ఆమె కూడా కదా. ‘నేను పీహెచ్‌డీలో చేరుతున్నాను, మొదట్లో కోర్సు వర్క్ తరగతులు జరిగే నెలల్లో అమ్మ మీ దగ్గర ఉంటుంది’ అని చెప్పండి. నిన్ను చదివించాను అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. అది అంటే అప్పు వసూలుకు వెళ్లినట్టుంటుంది, మీరు చేసినదంతా మీ చేతులతోనే చిన్నది చేసుకుంటారు.

ఇంట్లో వీలు కాదంటాడా, అమ్మకు తోడుగా పగలు ఒక మనిషిని పెట్టే ఖర్చు అతను భరించాలి. ఆసుపత్రికి తీసుకెళ్లే తేదీలు అతను చూసుకోవాలి. అదీ కాదంటే అప్పుడు కూడా మీరు చేరండి. ఇంటర్ చదివే మీ అబ్బాయికి అమ్మమ్మ కంట్లో చుక్కలు వేయడం నేర్పితే వస్తుంది. మీవారి ‘నీ ఇష్టం’ సంగతీ అప్పుడే తేలుతుంది. ఆదివారం మీరు గ్రంథాలయానికి వెళ్తే వంట ఎవరిదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

తమ్ముడు ఒప్పుకుంటే, అమ్మకు ఆ కబురు మీరు చేరవేయకండి. అతనే ఫోను చేసి, ‘అమ్మా, ఫలానా రోజు వస్తున్నాను, సిద్ధంగా ఉండు’ అని చెప్పాలి, అతనే వచ్చి తీసుకెళ్లాలి.