ఏ గదికి ఏ రంగు? ముందు కిటికీ చూడండి

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, గోడలు కాస్త ఆరి, మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడేసరికి మన జిల్లాల్లో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు రంగులు వేయిస్తుంటారు. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గోడల గురించే. అందరికీ పనికొచ్చేవి కొన్ని ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాళెం. సొంత ఇల్లు, రెండు బెడ్‌రూములు, పడమటి వాకిలి. హాలుకీ పెద్ద బెడ్‌రూముకీ కిటికీలు కూడా పడమర వైపే. ఫోన్‌లో ఒక బూడిద రంగు హాలు చూశాను, నాకు తెగ నచ్చింది. మావారేమో ఇల్లంతా తెలుపు వేయిద్దామంటారు. ఇంటర్ చదివే మా పాపకు తన గది నీలంగా ఉండాలంట. షేడ్ కార్డు ముందు పెట్టుకుని రోజూ ఇదే చర్చ, తేలడం లేదు. పెయింటర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, టెన్షన్‌గా ఉంది. ఏం చేసేది?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండమ్మా. పెయింటర్‌ను లప్పం, ప్రైమర్ పనులు మొదలుపెట్టుకోమనండి, వాటికి మీరు ఏ రంగు ఎంచుకున్నా ఒకటే. ఈలోపు మీకు నాలుగైదు రోజులు దొరుకుతాయి, అవి చాలు.

మీరు ఫోన్‌లో చూసిన ఆ హాలుకు బహుశా గోడంత అద్దాల కిటికీ ఉండి ఉంటుంది, ఫొటో తీసినవాళ్లు లైట్లు కూడా పెట్టి ఉంటారు. మన ఇళ్లలో కిటికీకి ఇనప గ్రిల్లు, దోమల మెష్, దాని మీద కర్టెను, నాలుగడుగుల అవతల పక్కింటి గోడ. వీటన్నిటినీ దాటుకుని వచ్చిన వెలుతురులో అదే బూడిద రంగు మసకబారిపోయి, పగలే లైటు వేసుకునే పరిస్థితి తెస్తుంది. పైగా ఫోన్ తెర తనంతట తాను వెలుగుతుంది, గోడ అలా వెలగదు కదా. కాబట్టి ఫోన్‌లో చూసి ఏ కుటుంబానికి చెందిన రంగో అనుకోండి, అంతవరకే. షేడ్ నంబరు మాత్రం ఫొటో చూసి ఖాయం చేయకండి.

మీకు పడమటి కిటికీలు అన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. పొద్దున పూట ఆ గదుల్లోకి నేరుగా ఎండ రాదు, వెలుతురు చల్లగా, కొంచెం నీలంగా ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక నెల్లూరు ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి గోడ మీద నారింజ రంగు పులిమేస్తుంది. లేత పసుపు, క్రీము, పీచు లాంటివి ఆ వేళకు బాగా ముదిరి కళ్లకు వేడిగా అనిపిస్తాయి. అందుకని పడమటి గదులకు చల్లటి లేత రంగులు బాగుంటాయని నా నమ్మకం: లేత సముద్రపు ఆకుపచ్చ, బాగా పల్చటి నీలం, కొద్దిగా బూడిద కలిసిన తెలుపు. మీకు నచ్చిన బూడిదా, మీవారు కోరిన తెలుపూ ఆ చివరిదాంట్లో కలుస్తాయి, ఇద్దరూ ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు ఎలా తేల్చుకోవాలో చెప్తాను. షేడ్ కార్డులో ఒక పట్టీ మీద పైనుంచి కిందికి లేత నుంచి ముదురు దాకా వరుసగా రంగులుంటాయి. మీకు పైన ఉన్న లేతది నచ్చితే, అదే పట్టీలో అట్టడుగున ఉన్న ముదురు రంగును చూడండి. పైన మామూలు బూడిదలా కనిపించింది కింద ఊదాగానో ఆకుపచ్చగానో తేలుతుంది. లేతదాంట్లో దాక్కున్న రంగు అదే, నాలుగు గోడలకూ వేశాక బయటపడేదీ అదే. కార్డును బల్ల మీద పడుకోబెట్టి చూడొద్దు, గోడకు నిలువుగా ఆనించి చూడండి, వెలుతురు పడే తీరు మారిపోతుంది.

అలా రెండు మూడు రంగులకు దించాక వాటి చిన్న శాంపిల్ డబ్బాలు తెచ్చుకోండి, దొరక్కపోతే షాపులో ఉన్న అతి చిన్న డబ్బా కలిపించుకోండి. పిల్లలు ప్రాజెక్టులకు వాడే తెల్ల చార్టు ఒక్కో రంగుకు ఒకటి తీసుకుని, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు తెల్ల అంచు వదిలేసి, మధ్యలో రెండు కోటింగులు వేయండి. మొదటిది బాగా ఆరాకే రెండోది. ఆ తెల్ల అంచు ఎందుకంటే, ఇప్పుడు గోడకున్న పాత రంగు పక్కన పెడితే కొత్తది అసలు ఎలా ఉందో కళ్లకు తెలియదు. తర్వాత ఆ చార్టును కిటికీ ఎదుటి గోడకు ఒక పూట, కిటికీ ఉన్న గోడకే ఒక పూట, మూలలో ఒక పూట అంటించి చూడండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ పడేటప్పుడు, రాత్రి మీరు రోజూ వేసుకునే లైటులో. ఈ రాత్రి చూపు చాలామంది మర్చిపోతారు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్, డబ్బా మీద 6500కె అని ఉంటుంది, దాని కింద క్రీము రంగులు పాలిపోయి కొంచెం ఆకుపచ్చగా కూడా కనిపిస్తాయి. 3000కె అని ఉండే పసుపు వెలుగు బల్బు కింద నీలాలు బూడిదగా మారతాయి. ఉద్యోగం చేసేవాళ్లు ఇంట్లో మేలుకుని ఉండేదంతా రాత్రే కాబట్టి రాత్రి బాగున్న రంగుకే నేను ఓటు వేస్తాను. అన్నట్టు సోఫా గుడ్డ, కర్టెను, నేల టైలు పక్కన కూడా పెట్టి చూడండి, అవి మార్చడం కంటే గోడ రంగు మార్చడం తేలిక.

పాప గదికి నీలం వేయించండి, కాదనకండి. కాకపోతే నాలుగు గోడలకూ ఒకే ముదురు నీలం వేస్తే ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి కార్డులో చూసినదానికంటే చిక్కగా తయారవుతుంది. మంచం తలవైపు గోడకు పాప కోరిన నీలం వేసి, మిగతా మూడింటికీ అదే పట్టీలో అన్నిటికంటే పైనున్న లేత రంగు వేస్తే గది ఇరుకనిపించదు, పాప మాటా నెగ్గుతుంది.

ఒక్క మాట. లోపలి గోడ రంగు గదిని చల్లబరచదు, చల్లగా ఉన్నట్టు అనిపిస్తుందంతే. నిజంగా వేడి తగ్గాలంటే పడమటి గోడకు బయట వైపు తెలుపో చాలా లేత రంగో వేసి, మేడపైన ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత వేయించండి. రోహిణి కార్తెలో తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది చీమకుర్తి. ఊళ్లో రాయి దొరుకుతుంది కదా అని ఇల్లంతా బ్లాక్ గెలాక్సీ గ్రానైటు వేయించాం. నేల మెరిసిపోతోంది గానీ హాలు చీకటిగా ఉంది, ఒక్కటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. ఒక గోడకు కాఫీ పొడి రంగు వేయిస్తే రిచ్‌గా ఉంటుందని మా బావమరిది సలహా. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వద్దండి. మీ ఊరి రాయి పేరు దేశదేశాల్లో వినిపిస్తుంది, ఆ నల్లటి రాయిలో బంగారపు చుక్కలకు వంక పెట్టేదేముంది! కానీ నల్ల నేల వెలుతురును మింగేస్తుంది. ఉత్తరం కిటికీలోంచి వచ్చేది ఎండ కాదు, ఆకాశం నుంచి వచ్చే చల్లటి వెలుతురు. ఆ రెండింటికీ తోడు కాఫీ రంగు గోడ వేస్తే పగలంతా లైటు వెలగాల్సిందే. బావమరిది గారి ఇంట్లో నేల తెల్ల టైల్స్ అయి ఉండొచ్చు, అక్కడ బాగున్నది ఇక్కడ బాగుండదు.

మీ గోడ రంగు ఆ రాయిలోనే ఉంది. ఒక గ్రానైటు ముక్కను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఆ చుక్కల్ని దగ్గరగా చూడండి, కొన్ని రాగి ఛాయలో, కొన్ని లేత బంగారంలా ఉంటాయి. దానికి దగ్గరగా ఉండే లేత వెన్న రంగు, పల్చటి గంధం రంగు ఎంచుకుంటే ఉత్తరపు వెలుతురులోని చలిదనాన్ని కూడా అది సరిచేస్తుంది. పాలతెలుపు వేస్తే నలుపు పక్కన మరీ కొట్టొచ్చినట్టుగా, ఆసుపత్రిలా ఉంటుంది, నాకైతే నచ్చదు. కొన్ని కంపెనీల షేడ్ కార్డుల్లో రంగు నంబరుతో పాటు ఎల్ఆర్‌వీ అని ఇంకో అంకె ఇస్తారు. ఆ రంగు ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో చెప్పే లెక్క అది, 0 అంటే కటిక నలుపు, 100 అంటే అచ్చ తెలుపు. మీ హాలుకు 70 దాటినది చూసుకోండి. సీలింగ్‌కు మాత్రం మామూలు తెలుపే.

ప్రశ్న: మా ఇల్లు మైపాడు దగ్గర, సముద్రపు గాలి తగులుతూనే ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పటి నుంచి హాల్లో ఒక గోడకు కింది నుంచి రెండడుగుల ఎత్తు దాకా రంగు పెచ్చులు లేచి తెల్లటి పొడి రాలుతోంది. మళ్లీ రంగు వేయించినా అదే తంతు. ఏదైనా ముదురు రంగు వేస్తే కనపడదంటున్నారు, నిజమేనా? ఏ రంగు వేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట మండలం

జవాబు: కనపడకపోవడం కాదమ్మా, ఇంకా ఎక్కువ కనపడుతుంది. రాలేది తెల్ల పొడి, దాన్ని మెరూన్ గోడ మీద ఊహించుకోండి. మీ గోడకు ఇప్పుడు కావలసింది రంగు కాదు. దయచేసి ఇంకో డబ్బా కొనకండి, డబ్బులు మట్టిలో పోసినట్టే.

జరుగుతున్నది ఇది. గోడలోకి ఎక్కడి నుంచో నీరు చేరుతోంది. ఆ నీరు ఇటుకలో, ఇసుకలో, సిమెంటులో ఉన్న లవణాలను కరిగించుకుని గోడ పైకి వచ్చి ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం రంగు వెనకాల గడ్డకట్టి పొరను బయటికి నెట్టేస్తుంది. సముద్రం పక్కన కట్టినప్పుడు ఉప్పునీటి బోరు వాడినా, సరిగా కడగని ఇసుక వాడినా ఈ బాధ రెట్టింపు. కింది రెండడుగుల్లోనే ఉందంటున్నారు కాబట్టి పైకప్పు కారడం కాకపోవచ్చు, కింది నుంచి నెమ్ము ఎక్కుతోందని నా అనుమానం. బయటికెళ్లి ఆ గోడ వెనక ఏముందో చూడండి. వీధి ఎత్తు పెరిగి మట్టి మీ ఇంటి నేల కంటే పైకి వచ్చిందా, గోడకు ఆనించి పూలకుండీలు ఉన్నాయా, వానలో చూరు నీళ్లు అక్కడే పడి నిలుస్తున్నాయా, గోడ అవతల బాత్‌రూము ఉందా? ఏది ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

తర్వాత చెడిన ప్లాస్టరింగును, పొడి రాలే చోటు కంటే ఒక అడుగు పైదాకా, ఇటుక కనపడేలా కొట్టేయించండి. ఇటుక మీద ఉన్న ఉప్పును పొడిగానే వైరు బ్రష్‌తో రుద్ది చీపురుతో ఊడ్చేయాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు మళ్లీ కరిగి గోడలోకే పోతుంది. మంచినీళ్లతో, మంచి ఇసుకతో కొత్త ప్లాస్టరింగ్ చేయించాక కనీసం 28 రోజులైనా ఆగండి. పచ్చి సిమెంటు మీద రంగు వేస్తే దానిలోని క్షారం రంగును తినేసి మచ్చలు మచ్చలుగా చేస్తుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక అడుగు పాలిథిన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆరలేదు. ఈ పనంతా ఫిబ్రవరి నుంచి మే లోపల పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో గోడ ఆరడమనేది కల్ల.

ఇంత ఖర్చు ఈ ఏడాది కుదరదంటారా, అప్పుడు ఆ గోడకు సున్నం వేయించండి. పాతకాలపు పద్ధతని చిన్నచూపు చూడొద్దు. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ఆయిల్ పెయింటు దాన్ని లోపలే బంధించి పొక్కులు తెప్పిస్తుంది. కొంచెం నీలిమందు కలిపిన తెల్ల సున్నం సముద్రం ఒడ్డు ఇంటికి ఎంత అందమో, నాకు చాలా ఇష్టం. ముందు పాత రంగు పూర్తిగా గీకించాలి, లేకపోతే సున్నం పట్టదు.

ప్రశ్న: మార్కాపురంలో మా కొత్త ఇంటికి రంగులు చూస్తున్నాం. వంటిల్లు ఆగ్నేయంలో ఉంది కాబట్టి నారింజ రంగే ఉండాలని, పూజ గది పసుపుగా ఉండాలని మా అత్తయ్య పట్టు. నాకు తెలుపు ఇష్టం. గొడవ లేకుండా దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, మార్కాపురం

జవాబు: అత్తయ్యగారి మాట కాదనకుండానే మీకు నచ్చినట్టు ఉండొచ్చు. నారింజ అనగానే కమలా పండు రంగే వేయక్కర్లేదు, అదే పట్టీలో అన్నిటికంటే లేతది తీసుకోండి. చూడ్డానికి గోరువెచ్చటి తెలుపులా ఉంటుంది, నారింజ కుటుంబమే కాబట్టి ఆవిడకూ తృప్తి. తుది మాటకు ముందు ఆవిడనే షాపుకు తీసుకెళ్లి పట్టీ మీద వేలు పెట్టించండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రంగు కంటే వంటింట్లో ముఖ్యమైనది ఏ రకం పెయింటు అన్నది. పొయ్యి వెనక టైల్స్ ఎలాగూ ఉంటాయి, వాటి పైన తాలింపు చిటపటలు, నూనె ఆవిరి పట్టే గోడకు కొద్దిగా మెరుపుండి తడిగుడ్డతో తుడిస్తే పోయే ఎమల్షన్ వేయించండి. మెరుపు లేని మ్యాట్ మీద పసుపు వేళ్లు పడితే మచ్చ పోవడం కష్టం. పూజ గదిలో దీపం, కర్పూరం పెట్టే చోట వెనక గోడకు మసి పట్టక తప్పదు, ఆ మేరకు టైలో రాయో పెట్టించి, మిగతా గోడలకు లేత పసుపు వేయండి. చిన్న గది, చిన్న వెలుగు, అక్కడ పసుపు నిజంగానే బాగుంటుంది. ఈ విషయంలో నేను అత్తయ్యగారి పక్షమే.

ప్రశ్న: ఇంటి ముందు భాగానికి ముదురు ఎరుపు, నిమ్మపండు పసుపు వేయించాలని ఉంది. ఎండకు వెలిసిపోతాయంటున్నారు.
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: బాగా కొట్టొచ్చినట్టుండే ఎరుపులు, నిమ్మ పసుపులు చాలావరకు త్వరగానే వెలుస్తాయి, దక్షిణం, పడమర గోడల మీద మరీను. అదే ఎరుపు, పసుపు కావాలంటే కావి ఎరుపు, ఎర్రమట్టి రంగు, గోధుమ ఛాయ ఉన్న పసుపు ఎంచుకోండి. వీటికి వాడేది ఎక్కువగా ఇనుప ఆక్సైడు రంగుపొడి, ఎండకు నిలుస్తుంది. బయటి గోడలకు ఉద్దేశించిన ఎమల్షనే వాడండి, లోపలి రంగు మిగిలింది కదా అని బయట కొట్టించొద్దు. మొత్తం గోడకు కావలసిన రంగు ఒకేసారి కలిపించుకోండి. సగంలో అయిపోయి మళ్లీ కలిపిస్తే అదే నంబరైనా కొద్దిగా తేడా రావచ్చు, ముందు గోడ మీద ఆ అతుకు వీధిలోకి కనిపిస్తుంది. డబ్బా మూత మీద షేడ్ నంబరు, కంపెనీ, తేదీ రాసి ఫొటో తీసి ఉంచుకోండి, రేపు కొళాయి పైపు కోసం గోడ పగలగొడితే అతుకు వేయడానికి అదే ఆధారం.