పాటిదిబ్బను (పాత ఊరో కట్టడమో ఉన్న చోట మిగిలిన మట్టిదిబ్బను) తవ్వకుండా చదవడం

చిరంజీవి అమ్మాయికి,

మీ ఊరి పొలిమేరలో ఉన్న దిబ్బ కోటా, స్తూపమా, పాత ఊరా అని అడిగావు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే మనసులో ముందే ఒక జవాబు కూర్చుంటుంది, ఇక కంటికి అదే కనిపిస్తుంది. ముందు తేలాల్సింది ఆ మన్ను అక్కడికి ఎలా చేరిందన్నది. తట్టలతో మోసి పోశారా? తరాలపాటు జనం బతికిన చోట పేరుకుందా? ఇటుక కట్టడం కూలిందా? ఏదైనా కాలి బూడిదైందా? లేక చెరువు పూడిక తెచ్చి పోశారా? ఎవరు, ఎప్పుడు అన్నవి ఆ తర్వాతే.

గడ్డపార మాత్రం పట్టకు. రక్షిత స్థలమైతే అనుమతి లేని తవ్వకం నేరం. కాకపోయినా, ఒకసారి చెదిరిన పొరను మళ్లీ పేర్చడం ఎవరివల్లా కాదు. అమరావతిలో పాత బౌద్ధ స్తూపం ఉన్న దీపాలదిన్నెను 1790లలో రాళ్ల కోసం తవ్వించారు. 1797లో చూసి వెళ్లిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన గుంట ఉంది. ఆ మధ్యభాగం ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత వెతికినా తెలియదు.

వేసవిలో గడ్డి ఎండాక, పొద్దున ఏటవాలు ఎండలో వెళ్లు. మోకాలెత్తు కట్ట కూడా నీడతో బయటపడుతుంది. పాములుంటాయి, ఒంటరిగా వెళ్లకు. టేపు, గీతలు పెట్టిన రెండు కర్రలు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తీసుకెళ్లు.

ఎత్తును కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ ఎక్కువే చెబుతాం. ఒక కర్రను దిబ్బ నెత్తిన, ఇంకోదాన్ని వాలులో కొంచెం కింద నిలబెట్టి, నీళ్లు నింపిన పైపు కొనల్ని రెంటికీ ఆనించు. నీటిమట్టం నేల నుంచి ఒకచోట 20 సెంటీమీటర్లు, రెండోచోట 95 అయితే, ఆ మెట్టులో దిగింది 75. ఇలా చుట్టూ ఉన్న పొలం మట్టానికి చేరేదాకా దిగి అన్నీ కూడు. పైపులో గాలిబుడగ ఒక్కటి ఉన్నా లెక్క చెడుతుంది, ప్రతిసారీ చూసుకో. నాలుగు దిక్కులా కొలవాలి. వాలు నేలలో ఉన్న దిబ్బ ఒకవైపు నుంచి కొండలా, ఇంకోవైపు నుంచి గట్టులా కనిపిస్తుంది.

అన్నిటికన్నా విలువైంది ఇప్పటికే తెగిన అంచు. బాట కోసమో, పొలానికి ఎరువుగా పాటిమన్ను (దిబ్బ మన్ను) తోలుకోవడానికో ఎవరో ఒకరు ఎక్కడో కోసే ఉంటారు. అక్కడ మెత్తని కుంచెతో దుమ్ము మాత్రం దులిపి, కర్ర ఆనించి ఫోటో తీసి, ఓపిగ్గా చూడు. బొగ్గు చారలు, బూడిద, గట్టిగా దిమ్మిస చేసిన నేల సన్నని గీతలా, దాని కింద మళ్లీ చెత్త, మళ్లీ నేల కనిపిస్తే అది జనం బతికిన చోటు. ఎర్రమన్ను, నల్లమన్ను, గులక తట్టెడు తట్టెడుగా ముద్దలు ముద్దలుగా కలిసి, కుండపెంకులు తక్కువగా, వెలుపల పల్లపు చార సాగుతుంటే అది మట్టికోట గోడా, అగడ్తా కావచ్చు. తెలంగాణలోని శాతవాహనుల కాలపు ఊరు ధూళికట్టలో అలాంటి మట్టిగోడ ఉంది. మట్టి కన్నా ఇటుకే ఎక్కువై, దిబ్బ అడుగు గుండ్రంగా ఉంటే స్తూపం సంగతి ఆలోచించు. నిండు ఇటుక దొరికితే పొడవు, వెడల్పు, మందం మూడూ కొలువు. శాతవాహన, ఇక్ష్వాకు కాలాల ఇటుకలు తరచు పొడవున అడుగున్నరకు పైనే ఉంటాయి. ఊళ్లో పాత గోడల్లోనూ వెతుకు, దిబ్బ ఇటుకలు అక్కడికే చేరతాయి.

పొరల్లో బూడిద మెత్తగా, మధ్యమధ్య గాజులా కరిగి గుల్లబారిన తేలికపాటి ముద్దలుంటే ఇనుప చిట్టెం (ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి) అని తొందరపడకు. చిట్టెం చేతికి బరువు తెలుస్తుంది. తేలిగ్గా ఉంటే నవీన శిలాయుగపు పశువుల దొడ్డి కావచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ తవ్వినప్పుడు పేడ కాలిన పొరల్లో పశువుల గిట్టల అచ్చులు, దడికి పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. అంతవరకూ ఇలాంటి బూడిదదిబ్బల్ని అగ్నిపర్వతపు బూడిదన్నవారూ, రాక్షసుల చితాభస్మమన్నవారూ ఉన్నారు.

పెంకుల్ని ఏరి తేకు. దిబ్బ నెత్తిన, వాలులో, అడుగున, యాభై అడుగుల అవతల, పదడుగుల చదరం చొప్పున గీసి లెక్కపెట్టు. కుండ మూతి అంచు ముక్కలు, రంగులు విడిగా రాసుకో. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు ఇనుపయుగం నుంచి శాతవాహనుల దాకా దొరుకుతుంది, ఒక్కదాన్ని పట్టుకుని కాలం చెప్పకు. పొలంలో పలచగా పరుచుకున్న పెంకులు పెంటతో వచ్చినవి కావచ్చు. పైన దొరికిన పెంకు పందికొక్కు తోడిందీ కావచ్చు. అది దిబ్బ చివరి రోజుల్ని చెప్పొచ్చు గాని పుట్టుకను చెప్పదు.

ఊళ్లో పెద్దల్ని “ఎవరు కట్టారు” అని అడిగితే పాండవులో, రాక్షసులో వస్తారు. “ఏ ఏడు మన్ను తోలారు, ఎంత లోతు, ఏం తగిలింది” అని ట్రాక్టరు నడిపినవాళ్లనూ అడుగు. పేర్లను మాత్రం కొట్టిపారెయ్యకు. ‘లంజదిబ్బ’ అనే పేరు పలకడానికి జంకినా అలాగే రాసుకో. భట్టిప్రోలులో ఆ పేరున్న దిబ్బ నుంచే 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ శాసనాలున్న ధాతుపేటికల్ని (బౌద్ధుల పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెల్ని) తీశాడు. పాటిచేను, కోటగడ్డ లాంటి పొలాల పేర్లూ సర్వే నంబర్లతో సహా రాయి.

నోటుబుక్కులో ఎడమ పేజీకి చూసింది, కుడి పేజీకి అనుకున్నది. రెండూ కలిపావా, ఆర్నెల్ల తర్వాత నీకే విడదీయడం రాదు. నాణెమో, పూసో, విగ్రహమో కనిపిస్తే ఉన్నచోటే ఫోటో తీసి తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజెయ్యి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన దొరుకుడు సొత్తును కలెక్టరుకు చెప్పి తీరాలి. ఆ చోటును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు, గుప్తనిధుల వాళ్లు రాత్రికి రాత్రే వస్తారు.

నాలుగు దిక్కుల కొలతలు, తెగిన అంచు ఫోటోలు, పెంకుల లెక్క ముందు పంపు. పేరు సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య