‘బ్రస్సెల్స్ నిర్ణయించింది’ అని రాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. యూరోపియన్ యూనియన్ గురించి తెలుగులో రాయాలని పూనుకున్నందుకు నిజంగా సంతోషమేసింది, ఎందుకంటే ఆ ఖండం గురించి మనకి అందేవి ఎక్కువగా వీసా కబుర్లు, టూరు కబుర్లు, లేదంటే ఏజెన్సీ వార్తలకి హడావుడిగా చేసిన అనువాదాలు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. మొదటి పేజీలో సిద్ధాంతాలన్నీ వరసగా పరిచేశావు, నియోఫంక్షనలిజం (ఒక రంగంలో కలిస్తే ఆ కలయిక మిగతా రంగాలకీ పాకుతుందనేది), ఇంటర్‌గవర్నమెంటలిజం (పగ్గాలు జాతీయ ప్రభుత్వాల చేతిలోనే ఉంటాయనేది) అంటూ. అక్కణ్ణుంచి చివరిదాకా, యూనియన్ ప్రధాన కార్యాలయాలున్న ఊరి పేరు పెట్టి, ‘బ్రస్సెల్స్ నిర్ణయించింది’, ‘బ్రస్సెల్స్ ఒత్తిడి తెచ్చింది’ అంటూ నడిపించావు. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే లోపం. ఆ సిద్ధాంతం ఎవరు, ఎప్పుడు, ఏం చూసి అన్నారో లేదు. ఆ నిర్ణయం ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎవరిని ఒప్పించి తీసుకున్నారో కూడా లేదు.

సిద్ధాంతాల సంగతి ముందు చూద్దాం. 1950 మే 9న పారిస్‌లో ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రకటన చదివాడు, ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒక ఉమ్మడి సంస్థ చేతిలో పెడదామని. దాని రూపకర్త ఝాన్ మొనే. యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే, యుద్ధానికి కావాల్సిన సరుకులు ఆ రెండే. మరుసటి ఏడాది ఆరు దేశాలు సంతకాలు చేశాయి. అప్పుడు జర్మనీలో సోషల్ డెమొక్రాట్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, కానీ 1957లో ఉమ్మడి మార్కెట్టు కోసం రోమ్ ఒప్పందం వచ్చేసరికి వాళ్లే అనుకూలంగా ఓటేశారు. రాజనీతి శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హాస్‌ని పట్టుకున్న ప్రశ్న ఇలాంటిదే, కాదన్నవాళ్లు ఐదారేళ్లలో ఎలా ఔనన్నారు? 1958లో వచ్చిన తన పుస్తకంలో ఆయన చెప్పిన జవాబు ఏమిటంటే, ఉమ్మడి సంస్థ ఒకసారి పని మొదలుపెట్టాక కార్మిక సంఘాలు, వ్యాపార సంఘాలు, పార్టీలు తమ పనులు అక్కడే అవుతాయని గ్రహించి అటు తిరుగుతాయి, పైగా ఒక రంగాన్ని కలిపితే పక్క రంగాన్ని కలపకుండా ఉండలేరు. బొగ్గుకి ఉమ్మడి మార్కెట్టు పెట్టాక దాన్ని మోసే రైలు రేట్లు సరిహద్దు దాటగానే మారిపోతుంటే ఆ మార్కెట్టుకి అర్థం ఏముంది? దీన్నే స్పిల్‌ఓవర్ అన్నారు. నీ వ్యాసంలో ఆ మాట ఉంది, రైలు రేట్లు లేవు. రైలు రేట్ల గురించి నాలుగు వాక్యాలు రాసి ఉంటే, ఆ మాట వచ్చేసరికే పాఠకుడికి విషయం తెలిసిపోయి ఉండేది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. 1965లో కమిషన్ (చట్టాలు ప్రతిపాదించే కార్యనిర్వాహక సంస్థ) అధ్యక్షుడు వాల్టర్ హాల్‌స్టైన్ ఉమ్మడి వ్యవసాయ విధానానికి డబ్బు సమకూర్చే ప్రతిపాదన తెచ్చాడు. అందులోనే కమ్యూనిటీకి, అంటే యూనియన్ కన్నా ముందున్న ఆ ఆరు దేశాల కూటమికి, సొంత రాబడి, బడ్జెట్ మీద యూరప్ పార్లమెంటుకి మరింత అధికారం కూడా కలిపి పెట్టాడు. ఫ్రెంచి రైతులకి ఆ డబ్బు కావాలి కాబట్టి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మిగతావాటికీ ఒప్పుకుంటాడని లెక్క. డిగాల్ ఒప్పుకోలేదు. జూన్ ఆఖరుకి చర్చలు తెగిపోయాయి, ఫ్రాన్స్ తన ప్రతినిధిని వెనక్కి పిలిపించుకుంది, ఆర్నెల్లకి పైగా సభ్య దేశాల మంత్రుల మండలిలో ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. 1966 జనవరి నుంచి చాలా విషయాల్లో మెజారిటీ ఓటు అమల్లోకి రావాల్సి ఉండటం డిగాల్ అసలు బాధల్లో ఒకటి. ఆ జనవరి ఆఖర్లో లక్సెంబర్గ్‌లో ఒక రాజీ కాగితం రాసుకున్నారు. ఏ దేశానికైనా చాలా ముఖ్యమైన ప్రయోజనం ముడిపడి ఉంటే అందరికీ నచ్చే పరిష్కారం కోసం ప్రయత్నిద్దాం అని ఒక మాట. అందరూ ఒప్పుకునే దాకా చర్చ సాగాల్సిందే అని ఫ్రాన్స్ తరఫున ఇంకో మాట. ఒప్పందం కుదరకపోతే ఏం చేయాలన్నదాని మీద తమకి భేదాభిప్రాయం ఉందని కూడా అదే కాగితంలో రాసి పెట్టుకున్నారు. ఇది ఒప్పందంలో భాగం కాదు, అయినా 1980ల దాకా మండలి నడకని శాసించింది. రాసేవాడికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది చెప్పు!

అదే 1966లో ఇంకో రాజనీతి శాస్త్రవేత్త స్టాన్లీ హాఫ్‌మన్ రాశాడు, జాతీయ రాజ్యం ఎక్కడికీ పోలేదని, సుంకాల్లాంటి వాటిలో కలుస్తారేమో కానీ రక్షణ, విదేశాంగం దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వాళ్లదేనని. హాస్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, నాజీల వల్ల చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. హాఫ్‌మన్ వియన్నాలో పుట్టి, యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో తలదాచుకుని బతికినవాడు. ఒకే విధ్వంసం నుంచి బయటపడ్డ ఇద్దరు ఒకే ఖండాన్ని చూసి ఇంత వేరుగా రాశారు. నాకు ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఈ సిద్ధాంతాల మీద గౌరవం పెరుగుతుంది. హాస్ అయితే 1975 నాటికి, ప్రాంతీయ ఏకీకరణ సిద్ధాంతాలకి కాలం చెల్లిందని తనే రాశాడు.

ఏకీకరణంతా ప్రభుత్వాల బేరసారాల ఫలితమే అన్న మొరావ్‌చిక్ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. ఒక్కటి చేర్చు. ఉమ్మడి మార్కెట్టుని పూర్తి చేయడానికి మెజారిటీ ఓటుని విస్తరించిన 1986 సింగిల్ యూరోపియన్ యాక్ట్‌ని ఆయన ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ ప్రభుత్వాల ప్రయోజనాలు ఒక చోట కలిసిన ఫలితం అంటాడు, ఇంకొందరు అప్పటి అధ్యక్షుడు జాక్ డెలోర్ కమిషన్‌ చొరవ, పెద్ద పరిశ్రమల ఒత్తిడి అంటారు. ఎవరి వాదన ఎక్కడ బలంగా ఉందో నువ్వే పరిశీలించి నీ మాట చెప్పు. ‘ఇద్దరిదీ కొంత నిజం’ అని తప్పించుకోకు.

ఇక జనం. చాలాకాలం ఈ వ్యవహారమంతా నాయకులు, అధికారులు చూసుకుంటే ప్రజలు పెద్దగా పట్టించుకోలేదు. 1992 జూన్‌లో డెన్మార్క్ ఓటర్లు యూనియన్‌ని ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని కాదన్నారు, 2005లో మూడు రోజుల తేడాతో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ యూరప్ రాజ్యాంగాన్ని కాదన్నాయి. ఇవి చూశాకే రాజనీతి శాస్త్రవేత్తలు హూగ్, గ్యారీ మార్క్స్ 2009లో, ఇకమీదట గుర్తింపు రాజకీయాలే ఏకీకరణకి పగ్గాలు వేస్తాయని వాదించారు. బ్రిటన్ బయటికి వెళ్తానన్న బ్రెగ్జిట్ ఓటు ఆ తర్వాత ఏడేళ్లకి. నువ్వు బ్రెగ్జిట్‌తో మొదలుపెట్టి వెనక్కి నడిచావు, వరస మార్చు.

ఇప్పుడు రెండోది, నిర్ణయాలు ఎలా పుడతాయన్నది. ఖండం ఎందుకు కలుస్తోంది అన్నది ఒక ప్రశ్న, ఫలానా చట్టం ఎలా వచ్చింది అన్నది వేరే ప్రశ్న, నీ వ్యాసంలో రెండూ కలిసిపోయాయి. రెండోదానికి మన పాఠకుడి చేతిలో ఉన్న వస్తువుతోనే మొదలుపెట్టొచ్చు, ఫోన్ ఛార్జరు. అన్ని ఫోన్లకీ ఒకే రకం ఛార్జరు పెట్టడానికి 2009లో కంపెనీలు స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి, పని సగంలోనే ఆగింది. 2021 సెప్టెంబర్‌లో కమిషన్ చట్టం ప్రతిపాదించింది, ఎందుకంటే ప్రతిపాదించే అధికారం దాదాపు అన్నిసార్లూ దానిదే. ఆపిల్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. పార్లమెంటులో ఆ ఫైలు బాధ్యత మాల్టా సభ్యుడు అలెక్స్ అజియస్ సాలిబాది. కమిషన్ ముసాయిదాలో ల్యాప్‌టాప్ లేదు, పార్లమెంటు చేర్చమంది. 2022 జూన్ 7న పార్లమెంటు, మండలి మధ్య రాజీ కుదిరింది, ల్యాప్‌టాప్ చేరింది కానీ గడువు 2026 ఏప్రిల్ దాకా జరిగింది. అక్టోబర్‌లో పార్లమెంటు ఓటు, 602 మంది అనుకూలం, 13 మంది వ్యతిరేకం. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఫోన్ 15కి యూఎస్‌బీ-సీ పెట్టారు, హైదరాబాద్‌లో కొన్నా అదే.

ఆ రాజీలు కుదిరే సమావేశాల్ని ట్రైలాగ్ అంటారు, తలుపులు మూసుకునే జరుగుతాయి. అక్కడ అందరి ముందూ ఉండేది నాలుగు నిలువు వరసల పట్టిక. మొదటి వరసలో కమిషన్ రాసిన వాక్యం, రెండో వరసలో పార్లమెంటు కోరిన సవరణ, మూడో దాంట్లో మండలి వైఖరి, నాలుగోది ఖాళీగా మొదలై బేరం సాగేకొద్దీ నిండుతుంది. ఆ నాలుగో వరసలో ఒక్కో మాట ఎలా మారిందో చూస్తే ఎవరు ఏం వదులుకున్నారో తెలిసిపోతుంది. 2018లో యూరప్ జనరల్ కోర్టు, ఆ వరసని సాధారణంగా రహస్యమని దాచడానికి వీల్లేదని తీర్పిచ్చింది. అంటే అడిగే హక్కు ఉంది. విశ్లేషకుల వ్యాసాలు పది చదివే బదులు ఇలాంటి పట్టిక ఒకటి ముందేసుకుని కూర్చో.

ఇంకొకటి చూడు. 2024 జూన్ 17న ప్రకృతి పునరుద్ధరణ చట్టం మీద పర్యావరణ మంత్రుల ఓటు జరిగింది. అది బ్రస్సెల్స్‌లో కూడా కాదు, జూన్‌లో మండలి సమావేశాలు లక్సెంబర్గ్‌లో జరుగుతాయి. నెగ్గాలంటే కనీసం 15 దేశాలు ఒప్పుకోవాలి, వాటి జనాభా యూనియన్ జనాభాలో 65 శాతం ఉండాలి. మార్చిలో హంగరీ వెనక్కి తగ్గడంతో లెక్క తప్పి, ఓటు వాయిదా పడింది. ఆస్ట్రియాలో రాష్ట్రాలన్నీ మొదట కలిసి వ్యతిరేకం అన్నాయి, తర్వాత, తనే ఒక రాష్ట్రం కూడా అయిన రాజధాని నగరం వియన్నా ఆ వరస నుంచి తప్పుకుంది. గ్రీన్ పార్టీ మంత్రి లియొనోర గెవెస్లర్, తన ప్రభుత్వాన్ని నడిపే ఛాన్సలర్ నెహామర్ వద్దంటున్నా అనుకూలంగా ఓటేసింది. 20 దేశాలు, 66.07 శాతం. ఆస్ట్రియా జనాభా వాటా దాదాపు 2 శాతం, అది తీసేస్తే చట్టం లేదు. చెప్పు, ఇక్కడ ‘బ్రస్సెల్స్ నిర్ణయించింది’ అన్న వాక్యం ఏం చెబుతుంది? ఒక సంకీర్ణ ప్రభుత్వంలో చీలిక, ఒక నగరం మార్చుకున్న అభిప్రాయం, ఒక మంత్రి తెగింపు, ఇవేవీ అందులో కనపడవు.

నువ్వు యూనియన్‌ని ఢిల్లీతో పోల్చావు, అది తీసెయ్. మన పార్లమెంటు 2014లో, ఉమ్మడి రాష్ట్ర శాసనసభ బిల్లుని తిప్పి పంపినా విభజన చట్టం చేయగలిగింది. యూరోపియన్ యూనియన్ మూల ఒప్పందాన్ని సవరించాలంటే 27 దేశాల్లో ఒక్కటి అడ్డం తిరిగినా కుదరదు. దాని బడ్జెట్ సభ్య దేశాల ఆదాయంలో సుమారు 1 శాతం. నచ్చకపోతే వెళ్లిపోవడానికి 50వ అధికరణం ఉంది, బ్రిటన్ వెళ్లిపోయింది కూడా.

తిరగరాయడానికి కొత్త అంశం కావాలంటే రోమింగ్ ఛార్జీలు తీసుకో. 2007లో మొదటి నిబంధన వచ్చింది, 2017 జూన్ 15కి గానీ అదనపు ఛార్జీలు పోలేదు. ఆ పదేళ్లూ ఎందుకు పట్టిందో తవ్వు. టూరిస్టులు దిగే దేశాల ఆపరేటర్లకి టోకు రేటు (తమ నెట్‌వర్క్ వాడుకున్నందుకు ఇంకో ఆపరేటర్ కట్టేది) ఎక్కువ కావాలి, టూరిస్టుల్ని పంపే దేశాలవాళ్లకి తక్కువ కావాలి, ఎవరి మంత్రి ఎవరి వైపు మాట్లాడాడో మండలి కాగితాల్లో దొరుకుతుంది. టెన్షన్ పడకు, ఒక్క చట్టం చాలు. సిద్ధాంతం పేరు ఒక్కటి కూడా రాకుండా మొదటి ముసాయిదా రాసి పంపు, ఆ పేర్లు ఎక్కడ పెట్టాలో తర్వాత ఫోన్‌లో మాట్లాడుకుందాం.